జడ రిబ్బను కట్టిన కాలీఫ్లవర్

మా వీధిలో ఇప్పుడు సగం మేడల మీద కుండీలున్నాయి. పిల్లలు ఫోన్లో చూసి విత్తనాల ప్యాకెట్లు తెప్పించుకుంటారు. ప్యాకెట్ మీది ఫోటో చూసి మురిసిపోతారు. రెండు నెలలు పోయాక నా దగ్గరికొచ్చి, "ఆంటీ, మాది ఇలా ఎందుకైంది?" అని అడుగుతారు. ఆ ఫోటో ఏ ఊళ్లో తీశారమ్మా అని నేను అడుగుతాను. పెద్దావిడకి చాదస్తం ముదిరిందన్నట్టు చూసి, వినయంగా తలూపి వెళ్లిపోతారు. చాదస్తం కాదు. ముప్పయ్యేళ్లకు పైగా వ్యవసాయం వాళ్ల ఆఫీసుల్లో పనిచేసిన మనిషిని. ఆ ఒక్క ప్రశ్న వేయడం నేర్చుకోవడానికి నేను విజయవాడ పటమటలో ఇరవై రెండు ఇళ్ల ఆడవాళ్ల ముందు తల దించుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ ముచ్చట చెబుతాను, వినండి.

డెబ్బైల మొదటి సంవత్సరాలు. చదువు పూర్తయిన ఏడాదికి నాకు ఉద్యోగం వచ్చింది. పేరు పెరటి తోటల ప్రదర్శకురాలు. మా మేనత్త ఆ మాట విని, "ఏం ప్రదర్శిస్తావే?" అని అనుమానంగా అడిగింది. ఇంటింటికీ తిరిగి పెరట్లో కూరగాయలు ఎలా పెంచుకోవాలో ఆడవాళ్లకు చూపించాలి, అదీ పని. గవర్నర్‌పేటలో ఒక బట్టల దుకాణం వెనక రెండు గదుల ఆఫీసు, దాని వెనక నాలుగు మంచాలు వేసేంత ఖాళీ స్థలం. ఆఫీసులో మా ఆఫీసరు గారు, నేను, ఒక ముసలి మాలి. ఇంకో కుర్చీ ఉండేది గానీ అందులో కూర్చోవలసిన మనిషి ఎప్పుడూ రాలేదు.

నాకొచ్చిన కాగితంలో ఒక చెడ్డ మాట ఉంది. తాత్కాలికం. మార్చి ఆఖరు వరకే పోస్టు. పథకం బాగుందని పైవాళ్లు తేలిస్తే కొనసాగుతుంది, లేదంటే అంతే. మా ఊరు హనుమాన్ జంక్షన్ దగ్గర. ఇంట్లో కాగితం చదివి వినిపించమంటే నేను ఆ మాట ఒక్కటి మింగి, మిగతాదంతా గొంతెత్తి చదివాను. నా ఉద్దేశం అమ్మను బాధపెట్టకూడదని. కానీ అమ్మ ఆ ఆదివారమే మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించింది. పాస్టరు గారు కళ్లు మూసుకుని, "ఈ బిడ్డకు స్థిరమైన ఉద్యోగం దయచేసినందుకు" అని పది నిమిషాలు ప్రార్థించారు. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. నేను ఎంత మెల్లగా అన్నానంటే, పక్కన కూర్చున్న మా చెల్లికి కూడా వినబడలేదు. ఇక ఆ ఉద్యోగం మార్చిలో పోతే అమ్మకు, పాస్టరు గారికి, ఆ పైన ఉన్నాయనకు కూడా నేనే సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని ఆ పోస్టు నిలబెట్టుకోవడం నాకు ప్రాణం మీదికొచ్చినంత పనైంది.

పైనుంచి మాకు విత్తనాలు, కరపత్రాలు వస్తాయి. ఆగస్టులో రావలసిన కాలీఫ్లవర్ విత్తనాలు ఎక్కడెక్కడ ఆగి నిద్రపోయాయో గానీ, తుపాను వానలన్నీ వెలిశాక నవంబరులో వచ్చాయి. ప్యాకెట్ మీద తెల్లగా, నిండుగా, చంటిపిల్ల తలంత పువ్వు బొమ్మ. ఆ బొమ్మ కింద సన్నటి అక్షరాల్లో 'చలి ప్రాంతాలకు మాత్రమే' అని రాసి ఉంది. అది నాకు ఫిబ్రవరిలో కనబడింది.

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. అప్పటికి నేను కాలీఫ్లవర్ తిన్నది రెండుసార్లు. మొక్కను చూసింది ఒక్కసారి కూడా లేదు. చదువుకున్నదంతా వరి, అపరాలు, కొబ్బరి. కానీ మెడలో కొత్త ఉద్యోగం వేలాడుతుంటే తెలియదని చెప్పడానికి నోరు వస్తుందా? "ముందు నారు పోయాలి, స్థలం కావాలి" అని అధికారికంగా ప్రకటించాను. ఆఫీసు వెనక ఖాళీ స్థలంలో మాలి తాత వేసుకున్న గోంగూర మడి ఉంది. నడుం ఎత్తు పెరిగి, ఎర్ర కాడలతో నిగనిగలాడుతోంది. పీకెయ్యమన్నాను.

తాత దివిసీమ వైపు మనిషి. నల్లగా, సన్నగా, ఎప్పుడూ ఆరిపోయిన చుట్ట నోట్లో పెట్టుకుని ఉండేవాడు. నా వంక ఒకసారి చూసి, మడి వంక ఒకసారి చూసి, "అలాగేనండి" అన్నాడు. గోంగూరంతా పీకి తువ్వాల్లో మూట కట్టి, ఆఫీసరు గారికి, బట్టల దుకాణం వాళ్లకు, చివరికి దారిన పోయే పోస్టుమాన్‌కి కూడా పంచాడు. నాకు ఒక్క ఆకు ఇవ్వలేదు. ఆ రోజు మొదలు నేనేం చెప్పినా "అలాగేనండి" తప్ప ఇంకో ముక్క ఆయన నోట్లోంచి రాలేదు. ఎంత విధేయుడో అనుకుని నేను సంతోషించాను. వయసు అలాంటిది.

పటమట వైపు అప్పుడే కొత్తగా కట్టిన కాలనీ ఒకటి ఉండేది. ఇంటింటికీ పెరడు, పెరట్లో బావి. అక్కడ ఒక మామ్మగారి అరుగు మీద మీటింగు పెట్టాను. కొడుకు బ్యాంకు గుమాస్తా. కోడలు హైదరాబాదులో పెరిగిన పిల్ల, కాలీఫ్లవర్ అంటే ప్రాణం. మన మార్కెట్లో ఆ రోజుల్లో అది చలికాలంలో నాలుగు వారాలు కనబడి మాయమైపోయేది, అదీ రైల్లో ప్రయాణం చేసి వాడిపోయి. "మీ ఊళ్లో ఇదీ దొరకదు అత్తయ్యా" అని కోడలు ఒకసారి అన్నదట. ఆ 'మీ ఊళ్లో' అన్న మాట మామ్మగారికి గుచ్చుకుంది. అందుకే నేను కాలీఫ్లవర్ అనగానే ఆవిడ లేచి నిలబడింది.

"మన పెరట్లో అవుద్దంటావా అమ్మాయ్?" అని అడిగింది.

"ఎందుకు కాదు మామ్మగారూ! నీడ లేని చోటు, మంచి ఎరువు, శ్రద్ధ. అంతే."

"శ్రద్ధకేం, నా దగ్గర గంపెడుంది" అని ఆవిడ అప్పటికప్పుడు తోటకూర మడి తీయించి, బావి పక్కన ఉన్న మంచి నేలంతా నాకు అప్పగించింది. ఆవిడ వేసిందని మిగతా ఇరవై ఒక్క ఇళ్లూ వేశాయి. బీర పాదులు, దొండ పందిళ్లు, బచ్చలి తీగలు పక్కకు జరిగాయి. డిసెంబరు మొదట్లో నారు నాటించాం.

కరపత్రంలో ప్రతి మాటా నాకు వేదవాక్యమే. అందులో, 'మంచు గడ్డకట్టే రాత్రులలో మొక్కలపై ఎండుగడ్డి కప్పవలెను' అని ఉంది. అది చదివితే ఒకావిడ, "మంచు గడ్డ కట్టడమంటే ఏంటండీ?" అని అడిగింది. ఆ చలికాలంలో కూడా విజయవాడలో మధ్యాహ్నం పూట నేను గొడుగు వేసుకుని, చెమట తుడుచుకుంటూ తిరుగుతున్నాను. అయినా కరపత్రాన్ని కాదనే ధైర్యం లేక, "ఎందుకైనా మంచిది, కప్పండి" అన్నాను. ఇరవై రెండు ఇళ్లవాళ్లూ గడ్డి తెచ్చి కప్పారు. మర్నాడు పొద్దున పాలవాడి గేదె నాలుగు పెరళ్లలోకి దూరి గడ్డీ, గడ్డి కింద మొక్కలూ శుభ్రంగా తినేసి వెళ్లింది. మా పథకం వల్ల బాగుపడిన మొదటి ప్రాణి ఆ గేదె. నేను మళ్లీ నారిచ్చాను.

మొక్కలు మాత్రం బ్రహ్మాండంగా పెరిగాయి. ఆ నల్లరేగడి మట్టి బలానికి, బావి నీళ్లకి ఒక్కో ఆకు విస్తరాకంత అయింది. "ఆకే ఇంతుంటే పువ్వు ఇంకెంతుంటుందో!" అని ప్రతి ఇంట్లోనూ అదే మాట. నేనూ అదే అనుకున్నాను. జనవరి ఆఖరుకొచ్చింది, పువ్వు జాడ లేదు. కరపత్రంలో, 'పువ్వు కనబడిన వెంటనే చుట్టూ ఆకులు దగ్గరకు చేర్చి కట్టవలెను, ఎండ తగిలిన పువ్వు పసుపు రంగుకు తిరుగును' అని ఉంది. పక్కన ఆకులు మూటలా కట్టిన మొక్క బొమ్మ. నేను బాగా ఆలోచించాను. పువ్వు ఎలాగూ వస్తుంది. వచ్చేదాకా ఆగడమెందుకు? మన ఎండ ఊరుకునే ఎండ కాదు, ముందే కట్టేస్తే పోలా? ఈ తెలివికి నన్ను నేనే మెచ్చుకుని, అందరి చేతా ఆకులు కట్టించాను. "ఇక విప్పొద్దు. ఎవరు విప్పినా పువ్వు పాడైపోతుంది" అని గట్టిగా చెప్పి వచ్చాను.

నా మాటకు కాలనీ ఆచారం కూడా తోడైంది. మామ్మగారు దిష్టి విషయంలో మహా పట్టింపు మనిషి. "పురిటి గదిలోకి తొంగిచూస్తారా ఎవరైనా? ఇదీ అంతే" అని తేల్చేసింది. పెరటి గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. పొరుగింటివాళ్లు వస్తే మొక్కలకు అడ్డంగా నిలబడి మాట్లాడేది. ఒకరు అరటినారతో కట్టారు, ఒకరు పాత చీర అంచుతో, ఒకరు కొబ్బరితాడుతో. మామ్మగారి పెరట్లో పెద్ద మొక్కకు కోడలు తన ఎర్ర జడ రిబ్బను కట్టింది, పువ్వు ముడి వేసి. కాలనీ మొత్తం మీద ఒక్కరంటే ఒక్కరు విప్పి చూడలేదు. నా ఉద్యోగ జీవితంలో నా సలహాను అంత తు.చ. తప్పకుండా పాటించిన జనం మళ్లీ తగల్లేదు.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. పెద్దాఫీసరు గారు స్వయంగా వచ్చి పెరటి తోటలు చూస్తారు. ఆయన చూసి వెళ్లి రాసేదాన్ని బట్టి పోస్టు ఉండాలా ఊడాలా అన్నది తేలుతుంది. మా ఆఫీసరు గారు ఆ ఉత్తరం నాకు చదివి వినిపించి, "కాలనీ చూపిద్దామమ్మా. నువ్వు గట్టెక్కినట్టే" అన్నారు. మంచి మనిషే. భయం ఎక్కువ, అంతే. ఫైలు మూసేటప్పుడు కూడా చప్పుడవుతుందేమోనని చూసుకుని మూసేవారు.

పెద్దాయన రాక ఇంకా నాలుగు రోజులుందనగా, ఆఫీసు వెనక మిగిలిపోయిన మూడు మొక్కలు నాకు గుర్తొచ్చాయి. వాటికీ కట్లు కట్టి ఉన్నాయి. ఒక పువ్వు కోసి బల్ల మీద పెడితే బాగుంటుందని వెళ్లి కట్టు విప్పాను. ఆకు తీస్తే ఆకు. దాని లోపల ఇంకో ఆకు. దాని లోపల లేతాకు. ఆ లోపల ఏమీ లేదు. ఈ మొక్క గొడ్డుదేమోనని రెండోది విప్పాను. మూడోదీ విప్పాను, అదీ అంతే. తాత గోడ నీడన ముక్కాలి పీట మీద కూర్చుని అన్నీ చూస్తున్నాడు.

"వీటిల్లో పువ్వు లేదని నీకు ముందే తెలుసా తాతా?" అని అడిగాను.

"అలాగేనండి" అన్నాడు.

అప్పుడు నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. కూలబడి నిజంగానే ఏడ్చాను. దాంతో ఆయన గాభరా పడి చుట్ట నోట్లోంచి తీశాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి మాట్లాడాడు.

"ఈ ఊళ్లో చలెక్కడుందండి అమ్మాయిగారూ? తెల్లారగట్ట నాలుగు రోజులు దుప్పటి కప్పుకుంటే చలికాలమైపోద్దా? ఈ రకానికి నెలా రెణ్ణెల్లు గట్టి చలి పడాలి. పడకపోతే ఆకులేసుకుంటా కూచుంటది. వానల్లో వేసే తొందర రకం వేరే ఉంటదండి. అదైతే పిడికిలంత పూసుద్ది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"గోంగూర పీకమన్నప్పుడు నన్నేమన్నా అడిగారేంటండి?"

ముక్కు తుడుచుకుని, లోపలికెళ్లి ప్యాకెట్ తీసి కిటికీ దగ్గర పెట్టుకుని చదివాను. సన్నటి అక్షరాలు అప్పుడే కనబడ్డాయి.

మా ఆఫీసరు గారికి విషయం చెప్పాను. ఆయన గది పైకప్పు వంక చూసి, ఉపాయం చెప్పారు. "చూడమ్మా. కట్లు విప్పొద్దు. పెద్దాఫీసరు గారికి నడుం నొప్పి, వంగరు. పై నుంచి చూస్తారు, ఆకులు పచ్చగా ఉన్నాయంటారు, టీ తాగి వెళ్తారు. తర్వాతి సంగతి తర్వాత." నేను ఒప్పుకోలేదని చెప్పను. ఒప్పుకున్నాను.

కాలనీవాళ్లకైనా చెబుదామని మర్నాడు పటమట బస్సెక్కాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా వెళ్తే మామ్మగారు పెరడంతా అలికించి ముగ్గు పెట్టిస్తోంది. "కాఫీ తాగమ్మాయ్" అని గ్లాసు చేతిలో పెట్టింది. "పొద్దున లేవగానే నీళ్లు పోస్తన్నాను. చీమ కూడా దగ్గరికి రాకుండా బూడిద చల్లుతన్నాను. మా కోడలు ఇంక 'మీ ఊళ్లో' అనదు చూడు" అంది. కాఫీ తాగాను. బాగుందన్నాను. ఏమీ చెప్పకుండా వచ్చేశాను. మిగతా తప్పులన్నీ తెలియక చేసినవి. ఇదొక్కటే తెలిసి చేసింది.

ఆ రోజు రానే వచ్చింది. జీపు ఆగింది. పెద్దాఫీసరు గారు పొడుగ్గా, తెల్ల చొక్కాలో, నల్ల కళ్లద్దాలతో దిగారు. మాట నెమ్మది. మొదటి రెండు ఇళ్లు మా ఆఫీసరు గారు అనుకున్నట్టే గడిచాయి. పెద్దాయన నడుం మీద చేయి వేసుకుని, వంగకుండా చూసి, "ఆకు ఏపుగా ఉంది" అన్నారు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. మూడోది మామ్మగారి ఇల్లు.

గుమ్మానికి మామిడి తోరణం. పెరట్లో కాలనీ ఆడవాళ్లంతా పట్టుచీరల్లో. మామ్మగారి చేతిలో ఇత్తడి పళ్లెం, అందులో పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్పలు, వాటి పక్కన కత్తెర.

"మొదటి కాపు బాబూ. పెద్దవారు, మీ చేత్తో కోస్తే మాకు శుభం" అంది మామ్మగారు.

"సారుకి టైం లేదండీ" అన్నారు మా ఆఫీసరు గారు, గొంతు కీచుమంటూ.

"శుభానికి టైమేంటండీ?" అంది ఆవిడ.

ఎదురుగా మొక్క. మొక్కకు ఎర్ర రిబ్బను. పళ్లెంలో కత్తెర. నేను అప్పట్నుంచి ఇప్పటిదాకా ఎందరో ఆఫీసర్లను చూశాను, ఆ మూడూ ఒకచోట చూసి ఆగగలిగినవాడిని చూడలేదు. పెద్దాఫీసరు గారు నడుం నొప్పి మరిచిపోయి వంగారు. రిబ్బను తెగింది. ఆడవాళ్లంతా ముందే చప్పట్లు కొట్టేశారు. ఆకులు నాలుగు పక్కలకూ వాలిపోయాయి.

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి. పెద్దాయన కళ్లద్దాలు తీసి, జేబులోంచి పెన్ను తీసి, దాంతో లేతాకులు పక్కకు జరిపి చూశారు. "ఏదీ?" అన్నారు.

"పురుగు సార్!" అన్నారు మా ఆఫీసరు గారు. "నిన్న సాయంత్రం దాకా ఉంది సార్. ఈ ఇళ్లలో ఆడవాళ్లు నీళ్లు ఎక్కువ పోసేస్తారు సార్, ఎంత చెప్పినా వినరు. దాంతో పురుగు పట్టేసింది సార్."

కోడలు అత్తగారి వంక చూసింది. మామ్మగారి చేతిలో పళ్లెం కదిలి కుంకుమ కింద ఒలికింది. ఆవిడ ఆఫీసర్లనెవరినీ చూడలేదు. నా వంక తిరిగింది.

"అమ్మాయ్, నా పెంపకంలో ఏమన్నా లోపమైందా?"

నేను నోరు మూసుకుని ఉంటే చాలు. అబద్ధం కూడా నేను ఆడక్కర్లేదు, ఆడేశారు. పురుగు ఖాతాలో పోతుంది, పోస్టు నిలుస్తుంది. అమ్మ గుర్తొచ్చింది, పాస్టరు గారు గుర్తొచ్చారు. కానీ ఆవిడ అలా చూస్తుంటే నా నాలుక నా మాట వినలేదు.

"మీ లోపమేం లేదు మామ్మగారూ. తప్పు నాది" అన్నాను.

ఒకసారి మొదలెట్టాక ఆగడం చేతకాలేదు. ప్యాకెట్ మీది సన్నటి అక్షరాలు, పువ్వు రాకముందే కట్టించడం, గేదె, ఆఫీసు వెనక విప్పిన మూడు మొక్కలు, అన్నీ చెప్పేశాను. గోంగూర మడి పీకించిన సంగతి కూడా చెప్పాను. అది పెద్దాఫీసరు గారికెందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

మామ్మగారు పళ్లెం కింద పెట్టింది. "అంటే నాలుగు రోజుల కిందటే నీకు తెలుసు. తెలిసి, నా ఇంట్లో కూచుని కాఫీ తాగి, చెప్పకుండా పోయావు" అంది. గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నేను తల దించుకుని నిలబడ్డాను. నా బతుకులో అంత సిగ్గుపడింది లేదు.

ఈలోగా మిగతావాళ్లకు తమ ఇళ్లలోవి గుర్తొచ్చాయి. పట్టుచీరల కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని ఒక్కసారిగా పరుగెత్తారు. రెండు నిమిషాల తర్వాత గోడల అవతల నుంచి కేకలు మొదలయ్యాయి. "మాదీ ఖాళీయే!" "మా ఐదూ ఖాళీయేనండీ!" "మా దాంట్లో కప్పుంది!" కప్ప మాటకు కోడలు ముందు నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆమెను చూసి పక్కావిడ, ఆవిణ్ని చూసి ఇంకొకావిడ. చివరికి మామ్మగారి పెదవి కూడా వణికింది. నెల్లాళ్లు కాళ్లూ చేతులూ కట్టేసినట్టు కట్టి, దిష్టి తీసి, కాపలా కాసిన ఆకులు ఆ ఎండలో వెల్లకిలా పడి ఉన్నాయి. చూసి నవ్వకుండా ఉండడం ఎవరి వల్లా కాలేదు, నాకూ మా ఆఫీసరు గారికీ తప్ప.

పెద్దాఫీసరు గారు నన్ను కరపత్రం అడిగారు. ఇచ్చాను. మంచు గడ్డకట్టే రాత్రుల దగ్గర ఆగి చాలాసేపు చదివారు.

"ఇది నేను రాసిందే" అన్నారు చివరికి. "కొండల్లో పనిచేసినప్పుడు అక్కడివాళ్ల కోసం రాశాను. అక్కడ ప్రతి మాటా నిజం. దీన్ని కృష్ణ ఒడ్డుకి ఎవరు పంపారు?"

మా ఆఫీసరు గారు ఆకాశంలోకి చూశారు.

"సర్లెండి బాబూ, అయ్యిందేదో అయ్యింది. ఈ ఆకన్నా తినొచ్చా?" అని మామ్మగారు అడిగింది. తినొచ్చన్నారు పెద్దాయన. ఇంకేముంది, మన జిల్లాలో ఆకు కనబడితే అందులో పప్పు పడాల్సిందే. గంటలో పప్పు ఉడికింది, ఊరమిరపకాయలు వేగాయి, మమ్మల్ని భోజనానికి కూర్చోబెట్టారు. గొప్పగా ఉందని చెప్పను. ముదురాకు, కాస్త చేదు. కోడలు ఆ మాట పైకే అనేసింది. మామ్మగారు వడ్డిస్తూ, ఆషాఢంలో ఏం వేస్తారో, మఖ కార్తె వానలకు ఏది కుళ్లిపోతుందో, వేసవిలో కాలవలు కట్టేశాక బావి నీళ్లతో ఏ పాదు బతుకుతుందో పెద్దాయన అడిగినవన్నీ చెబుతూనే ఉంది. ఆయన అన్నం కలపడం ఆపి మరీ విన్నారు. అందరికీ పప్పులో నెయ్యి వేసుకుంటూ వచ్చి, నా దగ్గరకొచ్చేసరికి ఆవిడ గిన్నె మూత పెట్టేసింది. నేను నెయ్యి లేకుండానే తిన్నాను. ఆ మాత్రం శిక్ష న్యాయమే.

ఆ తర్వాత నెల రోజులు ఉత్తరం కోసం ఎదురుచూపు. ఇక దాచడం నా వల్ల కాక, ఒక ఆదివారం ఊరెళ్లి అమ్మకు తాత్కాలికం అన్న మాట దగ్గర్నుంచి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. అమ్మ బియ్యం ఏరుతూ విని, "దేవుడికి నేను చెప్పుకుంటాలే, మీ ఆఫీసుకి నువ్వు చెప్పుకో" అంది. ఎవరి పై అధికారులు వాళ్లకున్నారు మరి.

మార్చి ఆఖరి వారంలో ఆర్డరు వచ్చింది. మా ఆఫీసరు గారు మొదట తను చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివి, నా చేతికిచ్చారు. పోస్టు కొనసాగుతుంది. కారణం కూడా రాశారు. 'సదరు ఉద్యోగినికి స్థానిక వాతావరణ పరిస్థితులపై గల అవగాహన దృష్ట్యా'. ఆ కింద, కృష్ణా డెల్టాకు తగిన కొత్త కరపత్రం వానాకాలం లోపు రాసి పంపవలెనని ఉత్తర్వు. ఆ అవగాహన అన్న మాట వెక్కిరింతో, ఆఫీసు భాషో, లేక ఆ పెద్దమనిషి దయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అప్పుడు మాత్రం ఆ కాగితం పట్టుకుని ఒక నిమిషం గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

తర్వాత ఒక నోటుపుస్తకం, పెన్సిలు తీసుకుని ఆఫీసు వెనక్కి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. తాత గోడ నీడన పీట మీద ఉన్నాడు. అవగాహన అన్న వాక్యం చదివి వినిపించాను. ఆయన నవ్వడానికి చుట్ట తీసి, దగ్గొచ్చి, కళ్లనీళ్లు తుడుచుకుని చాలాసేపటికి తేరుకున్నాడు.

"నవ్వింది చాలు. ఏ నెలలో ఏం వెయ్యాలో వరసగా చెప్పు తాతా, రాసుకుంటాను" అన్నాను.

"రాతకేం తొందరండి. ముందు ఆ చెప్పులిప్పి మళ్లోకి దిగండి."

దిగాను. నారుమడి ఎండి, నెర్రెలిచ్చి ఉంది. ఉద్యోగం వచ్చి తొమ్మిది నెలలైనా, విజయవాడ నేల మీద నేను ఒట్టి కాళ్లతో నిలబడడం అదే మొదలు. రెండు క్షణాలు ఉన్నానో లేదో, అరికాళ్లు చుర్రుమని గంతేసి నీడలోకి వచ్చిపడ్డాను.

"కాలిందా అండి?"

"కాలింది."

"ఇంకా మార్చేనండి ఇది" అన్నాడు తాత. "ఇప్పుడు రాసుకోండి."